బోన్ మారో పరీక్షకి వెళ్లేముందు: ఏ నొప్పి ఎంతసేపో తెలుసుకోండి

12 ఏళ్లుగా లూపస్‌తో ఉన్నాను, అంటే మన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద, ఒంటి మీద దాడి చేసే జబ్బు. బోన్ మారో పరీక్ష ఇప్పటికి మూడుసార్లు అయింది. మొదటిసారి నొప్పి ఒక ఎత్తు, అది ఇంకా ఎంతసేపు ఉంటుందో తెలియక పడ్డ టెన్షన్ ఇంకో ఎత్తు. అందుకే ముందు ఆ సంగతే చెప్తాను.

నడుముకి కాస్త కిందగా, తుంటి ఎముక వెనక వైపు సూది దించి మూలుగ (బోన్ మారో) తీస్తారు. నొప్పి మూడు దఫాలుగా వస్తుంది. మొదటిది మత్తు ఇంజెక్షన్. చురుక్కుమని మండి, కాసేపట్లో ఆ చోటు మొద్దుబారుతుంది. రెండోది సిరంజితో మూలుగ లాగేటప్పుడు, అసలు నొప్పి ఇదే. మత్తు చర్మానికీ ఎముక పైపొరకీ పనిచేస్తుంది కానీ ఎముక లోపలికి అందదు, అందుకని ఆ లాగుడు ఒక్కోసారి కాలిలోకి కూడా జివ్వుమని పాకుతుంది. కానీ సెకన్లే. మూడోది చిన్న ఎముక ముక్క తీసేటప్పుడు, సూదిని తిప్పుతూ లోపలికి నెడతారు, అప్పుడు నొప్పి కంటే ఎవరో గట్టిగా అదుముతున్నట్టు ఉంటుంది.

రెండోసారి పరీక్షప్పుడు "మీకు నొప్పులు అలవాటే కదా, ఓర్చుకోండి" అన్నారు, మత్తు పూర్తిగా ఎక్కకముందే మొదలుపెట్టారు. ఆ మాట ఎవరన్నా ఒప్పుకోకండి. రోజూ నొప్పితో బతికేవాళ్లకి కొత్త నొప్పి తక్కువగా తెలుస్తుందనుకోవడం తప్పు, ఏళ్ల తరబడి నొప్పి ఉంటే నరాలు ఇంకా సున్నితమై చిన్న నొప్పి కూడా పెద్దగా అనిపించవచ్చు. మూడోసారి నేను ముందే అడిగాను: "ఆగి, సూది మొనతో తాకి చూడండి, మొద్దుబారిందో లేదో నేను చెప్తాను. మూలుగ లాగేముందు నాకు చెప్పండి." రెండూ చేశారు. మోకాళ్ల మధ్య దిండు కూడా అడిగాను, ఎందుకంటే కీళ్లవాతం ఉన్నవాళ్లకి అరగంట ఒకే పక్కకి పడుకోవడమే పెద్ద పరీక్ష.

నిద్రమత్తు ఇస్తారా అని అపాయింట్‌మెంట్ రోజే అడగండి. ఇస్తామంటే ఎన్ని గంటలు ఏమీ తినకూడదో కనుక్కోండి, ఇంటికి తీసుకెళ్లడానికి తోడు మనిషి ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పండి, కానీ ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి. ముఖ్యంగా స్టెరాయిడ్. ఎక్కువకాలం వాడాక ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

లాగే క్షణంలో అందరం చేసే పని ఊపిరి బిగబట్టడం, దాంతో ఒళ్లంతా కొయ్యబారిపోతుంది. నేను మంచం అంచు పట్టుకుని, నోటితో నెమ్మదిగా గాలి వదులుతూ పైకే అంకెలు లెక్కపెట్టాను. నాలుగు దగ్గర మొదలైంది, పదకొండు దగ్గర ఆగిపోయింది. అంతే.

అయ్యాక గట్టిగా అదిమి కట్టు వేసి, కాసేపు వెల్లకిలా పడుకోబెడతారు. కట్టు ఒక రోజు తడవకూడదు. కొన్నాళ్లు ఆ చోట కమిలినట్టు సలుపుతుంది. పారాసిటమాల్ సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి, ఐబుప్రోఫెన్ లాంటివి మాత్రం అడగకుండా వేసుకోవద్దు, రక్తస్రావం పెరగొచ్చు. కట్టు తడిసేలా రక్తం కారినా, జ్వరం వచ్చినా, వాపు లేదా నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా వెంటనే ఫోన్ చేయండి. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకి ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం పైకి కనపడకపోవచ్చు, కాబట్టి కాస్త ఎర్రబడినా చూపించండి.

తర్వాతి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకండి. నాకు నొప్పి తగ్గాక కూడా నీరసం వదల్లేదు. ఆ రెండు రోజుల్లోనే ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను: ఏ వైపు తీశారు, మత్తు ఎక్కడానికి ఎంతసేపు పట్టింది, దిండు ఎక్కడ పెట్టారు. నాలుగోసారి వెళ్లాల్సి వస్తే అదే చదివి వినిపిస్తాను.