విదేశాల్లో అద్దె కారు ఎక్కే ముందు

అమలాపురం నుంచో భీమవరం నుంచో ఇంటిల్లిపాదీ యూరప్ వెళ్లి, కారు అద్దెకు తీసుకుని తిరగాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసు పని ముగించుకోండి. విదేశాల్లో బండి నడపడానికి అక్కడిచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గడువు ఏడాదికి మించదు. మన అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి.

- క్రెడిట్ కార్డు: కారు నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలి. బావగారి కార్డుతో డిపాజిట్ కడతామంటే చాలాచోట్ల ఒప్పుకోరు.
- ఏయే దేశాలు దాటుతారో బుకింగ్‌లోనే చెప్పండి. చెప్పకుండా సరిహద్దు దాటితే ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు.
- ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ హైవేలకు విన్యెట్ (టోల్ కట్టినట్టు చూపే స్టిక్కర్ లేదా డిజిటల్ పాస్) తప్పనిసరి. కారుకి ఉందో లేదో తాళం తీసుకునేటప్పుడే అడగండి.
- పిల్లల సీటు: ఆస్ట్రియాలో 14 ఏళ్లలోపు, 135 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకి ఉండాల్సిందే. ఒళ్లో కూర్చోబెట్టుకుందాంలే అని మాత్రం అనుకోకండి.
- చికెన్ పచ్చడి, నెయ్యి సీసా ఇంట్లోనే వదిలేయండి. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. ఆవకాయకి ఆ బాధ లేదు, మూత గట్టిగా బిగిస్తే చాలు.

అన్నిటికన్నా నాకు భయం కుడివైపు డ్రైవింగే. స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి. ఎడమకి తిరిగాక అలవాటు మనల్ని ఎడమ లేన్‌లోకే లాగుతుంది. ఆటోమేటిక్ కారు అడగండి. పక్కసీట్లో ఉన్నవాళ్లు ప్రతి మలుపులో "కుడి, కుడి" అని గుర్తుచేయాలి. విమానం దిగిన రోజు స్టీరింగ్ పట్టుకోవద్దు, ముందు నిద్రపోండి.