కొండమీది ఊరి పాత గవినిని బాగుచేయాలంటే

పాత గవిని, అంటే ఊరి రాతి ముఖద్వారం, బాగుచేసే పనికి ఎవరు పిలిచినా నేను మొదటిసారి ఉలీ సుత్తీ తీసుకెళ్లను. వాన పడే రోజు చూసుకుని గొడుగుతో వెళతాను. కొండమీది ఊళ్లలో పై వీధుల నీళ్లన్నీ వాకిలి కిందుగానే దిగాలి. ఆ నీరు గోడ పాదాన్ని ఎక్కడ తడుపుతోందో, కమాను నెత్తిన ఎక్కడ నిలుస్తోందో చూసి కాగితం మీద గీసుకోండి. నీటిదారి మళ్లించకుండా రాయి ముట్టుకుంటే చేసిన పనంతా మళ్లీ నీటిపాలే.

రక్షిత కట్టడమైతే పురావస్తు అధికారుల లిఖితపూర్వక అనుమతి ముందే తీసుకోవాలి. ప్రతి రాయికీ ఫోటో, బొమ్మలో ఒక అంకె ఉండాలి. పగుళ్లకు అడ్డంగా సన్నని గాజుపలకలు అతికించి తేదీ రాయండి. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టే. అప్పుడు తాపీ పని ఆపి ఇంజనీరును పిలవండి. సందుల్లో మొలిచిన మొక్కలను లాగితే వేరుతో పాటు రాయీ ఊడివస్తుంది. మొదలు కోసి, వేరు ఎండాక తీయండి.

ఇక అసలు సంగతి సున్నం. నేను పనిచేసిన ఒక వాకిలిలో ఎవరో సందులన్నీ సిమెంటుతో పూడ్చారు. పక్క రాతిని వేలితో తాకితే పంచదారలా పొడి రాలింది. సిమెంటు గీత చెక్కుచెదరకుండా నిలిచి ఉంది, రాయి మాత్రం అంగుళం లోపలికి తరిగిపోయింది. చూస్తే కడుపు తరుక్కుపోయింది. గోడలోని తేమ మెత్తని సున్నపు సందుల గుండా బయటికి పోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తే తేమ రాతిలోంచే వస్తుంది. దానితో వచ్చిన ఉప్పు పైపొరలో గడ్డకట్టి రాతిని పెచ్చులుగా ఊడదీస్తుంది.

ఆ సిమెంటును ఉలితో, ఓపికగా తీయండి. కోత యంత్రం పెడితే రాతి అంచులు పోతాయి. సందు వెడల్పుకు రెండింతల లోతు ఖాళీ చేసి, నీళ్లు చల్లి, కనీసం 3 నెలలు నానిన సున్నపు ముద్ద ఒక పాలుకు గరుకు ఇసుక 3 పాళ్లు కలిపి నొక్కి కూరండి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. దానికి నెలలు పడుతుంది. అందుకే మొదటి వారం పది రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. 5 డిగ్రీల కంటే చలి ముదిరే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

కమాను రాళ్లు జారి ఉంటే కింద చెక్క సెంట్రింగ్ నిలబెట్టాకే కదపండి. రెండు వైపుల నుంచీ సమంగా పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తి రాయిని చివర దించాలి. రాళ్ల మధ్య పాత ఇనుప పట్టీలు తుప్పుపట్టి ఉబ్బితే రాతిని చీలుస్తాయి. వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలువి వేయండి.

పోయిన శిల్పాన్ని ఊహించి చెక్కించకండి. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని, పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ నియమావళి అయిన 1964 నాటి వెనిస్ చార్టర్ చెప్పిన మాట నాకు శిరోధార్యం. కొత్త రాయి పెట్టక తప్పనప్పుడు, గోడలోకి వెళ్లే ముఖం మీద ఆ ఏడాది అంకె చెక్కి కూర్చోబెట్టండి. ఎన్నాళ్లకో దాన్ని విప్పే పనివాడికి ఏది పాతదో, ఏది మనదో వెంటనే తెలుస్తుంది.