షుగర్ బిళ్ల వేసుకుని టిఫిన్ మానేయకండి

మా మెడికల్ షాపులో గ్లిమెపిరైడ్ స్ట్రిప్ ఇచ్చే ముందు "టిఫిన్ ఎన్నింటికి చేస్తారండీ?" అని అడుగుతాను. నీకెందుకయ్యా అన్నట్టు చూస్తారు కొందరు. ఎందుకో చెబుతాను.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఒక జాతి మందులు. 1942లో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇస్తే షుగర్ పడిపోయింది. వీటి కథ అక్కడ మొదలైంది. పాంక్రియాస్‌లోని బీటా కణాల్లో పొటాషియం బయటికెళ్లే దారిని ఇవి మూసేస్తాయి. దాంతో కాల్షియం లోపలికొస్తుంది, ఇన్సులిన్ బయటికొస్తుంది. చిక్కల్లా, షుగర్ తక్కువగా ఉన్నా ఇవి ఆ పని ఆపవు.

అందుకే గ్లిమెపిరైడ్‌ని మామూలుగా రోజులో మొదటి తిండితో వేసుకోమంటారు. బిళ్ల మింగి, బ్యాంకు పని చూసుకొచ్చి తింటానంటే కుదరదు. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకండి. రెపాగ్లినైడ్ అనే ఇంకో షుగర్ బిళ్ల అయితే ప్రతి భోజనానికి ముందు. ఆ పూట తినకపోతే ఆ పూట బిళ్లా వద్దు.

చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి చిరాకు కనిపిస్తే మీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగాలి. పెరిగాక ఏదైనా తినాలి. మీటర్ లేదని ఆలస్యం చేయొద్దు, ముందు తాగేయండి.

పంచదార చాలదా అంటారు. చాలామందికి చాలు. కానీ స్ట్రిప్ వెనక సన్నక్షరాల్లో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉందేమో చదవండి. అవి పేగుల్లో పంచదార విడిపోవడాన్ని నెమ్మది చేస్తాయి. అలాంటప్పుడు గ్లూకోజే కావాలి. పది మందిలో ఒక్కరైనా ఈ సంగతి చూసుకోరు!

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. పెద్దవాళ్లకీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకీ ఒకసారి తేరుకున్నాక షుగర్ మళ్లీ పడిపోవచ్చు, కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడమే మంచిది.

కార్తీక సోమవారాలైనా, రంజాన్ ఉపవాసాలైనా ముందే డాక్టర్‌ని అడిగి మోతాదు మార్పించుకోండి. యాంటీబయాటిక్ రాయించుకునేటప్పుడూ షుగర్ బిళ్ల పేరు చెప్పండి. కొన్నిటితో కలిస్తే షుగర్ బాగా దిగుతుంది. షాపుకి వచ్చేటప్పుడు పాత స్ట్రిప్ తెచ్చుకోండి. "ఆ తెల్ల బిళ్లలు" అంటే మా దగ్గర సగం తెల్లవే.