ముట్టుకునే ముందు అడగండి: మానసిక వార్డు సిబ్బందికి శిక్షణ ఇచ్చే పద్ధతి

తిత్లీ తుపాను వెళ్ళిన మరుసటి ఏడాది వానల్లో మా వార్డుకి కొండ మీది ఊరి నుంచి ఒకామెను తీసుకొచ్చారు. పగలంతా ఒద్దికగానే ఉంది. రాత్రి పదింటికి వాన ఎత్తుకుంది. వరండా రేకుల మీద చినుకులు మోగగానే లేచి తలుపు దగ్గరికి పరిగెత్తి గడియ లాగడం మొదలుపెట్టింది. "తలుపు తియ్యండమ్మా, కొండ దిగిపోతోంది" అని ఒకటే అరుపు. ముగ్గురం పట్టుకున్నాం. కుడి మణికట్టుని మంచం పట్టెకి గాజ్ బ్యాండేజీతో కట్టింది నేనే. ఇంజెక్షన్ వేశాం. కేస్ షీట్‌లో "హింసాత్మక ప్రవర్తన" అని రాశాం.

నాలుగో రోజు వాళ్ళమ్మ వచ్చి చెప్తే తెలిసింది. తుపాను రాత్రి ఇంటి వెనక చరియ జారి తలుపుకి అడ్డంగా మట్టి పడిపోయిందట. తెల్లవారేదాకా అత్తగారి శవం పక్కన లోపలే ఉండిపోయిందట ఈవిడ. వాన చప్పుడు, తెరుచుకోని తలుపు, కదలనివ్వని చేతులు. ఆ రాత్రి ఏమేం జరిగాయో అవన్నీ మేం ఆమెకి మళ్ళీ చేసిపెట్టాం. కమిలిన గీత మణికట్టు మీద వారం రోజులు ఉంది. నాడి చూడటానికి చెయ్యి పట్టుకున్నప్పుడల్లా నాకు కనిపించేది. (గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.)

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మానసిక వార్డుల్లో నర్సుగా చేస్తూ, కొన్నేళ్ళుగా గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో నర్సులకి, కౌన్సెలర్లకి, అటెండెంట్లకి శిక్షణ ఇస్తున్నాను. మీ ఆసుపత్రిలో మీరే ఇలాంటి శిక్షణ పెట్టుకోవాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో నాకు తెలిసినంత చెప్తాను.

ముందు మాట గురించి. ట్రామా అంటే మన ఆసుపత్రుల్లో యాక్సిడెంటు కేసే గుర్తొస్తుంది. ట్రామా వార్డంటే ఎముకలు విరిగినవాళ్ళు ఉండే చోటు. అందుకే క్లాసులో నేను "మనసుకి తగిలిన దెబ్బ" అనే అంటాను. అటెండెంట్లకి ఆ ఒక్క మాటతో సగం అర్థమైపోతుంది. విరిగిన కాలు ఉన్నవాణ్ణి ఎత్తేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో చూసుకుని ఎత్తుతాం కదా, ఇదీ అంతే అంటాను. అయితే ఆ దెబ్బ బయటికి కనిపించదు. ఎవరికుందో తెలియదు కాబట్టి అందరితోనూ అలాగే మెలగాలి. దీనికి ప్రత్యేక థెరపీ నేర్చుకోనక్కర్లేదు. ప్రతి రోగి చేతా కథ చెప్పించనక్కర్లేదు.

అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా 2014లో ఇచ్చిన పత్రంలో నాలుగు పనులు చెప్పారు: దెబ్బ ఎంత విస్తారంగా ఉంటుందో తెలుసుకోవడం, దాని గుర్తులు పట్టుకోవడం, తెలిసినదానికి తగ్గట్టు నడుచుకోవడం, మళ్ళీ గాయపరచకుండా ఉండటం. చాలామంది మొదటిదానితో మొదలుపెట్టి, రెండు రోజులు స్లైడ్లు చూపించి పంపేస్తారు. నేను నాలుగోదానితో మొదలుపెడతాను. ఈ రాత్రి డ్యూటీకి వెళ్ళే మనిషి ఈ రాత్రే చెయ్యగలిగిన పని అదొక్కటే.

ఎవరిని పిలవాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. డాక్టర్లని, సైకాలజిస్టులని మాత్రమే పిలిస్తే శిక్షణ వార్డు దాకా రాదు. గేటు దగ్గర సెక్యూరిటీ, ఓపీ చీటీ రాసే క్లర్కు, ఊడ్చే ఆయమ్మ, రాత్రి అటెండెంటు, వీళ్ళే రోగిని ముందు ముట్టుకునేది, ముందు కసిరేది. అందరినీ ఒకే గదిలో గుండ్రంగా కూర్చోబెట్టండి. పదిహేను మందికి మించొద్దు. మూడు పూటలు చాలు, కానీ ఒకే రోజున వద్దు, వారానికొకటి పెట్టండి. మధ్యలో వార్డులో చేసి చూసి, ఏది కుదరలేదో వచ్చి చెప్పాలి. నైట్ డ్యూటీ దిగినవాళ్ళని పొద్దున్నే కూర్చోబెట్టకండి. నిద్రలేనివాళ్ళకి ఓపిక గురించి చెప్పడం అన్యాయం.

మొదటి పూట గదిలో పాఠం పెట్టను. అందరినీ గేటు బయటికి తీసుకెళ్ళి, రోగి వచ్చే దారిలోనే నడిపిస్తాను. గేటు దగ్గర ఎవరు ఏమడుగుతారు? ఆటోలోంచి దించేటప్పుడు రెక్క పట్టుకునేది ఎవరు? ఓపీలో అందరి ముందూ "ఏం కేసు?" అని ఎవరు అరుస్తారు? వార్డు తలుపు వెనకాల పడ్డప్పుడు చప్పుడెలా ఉంటుంది? ఒక అటెండెంటు, పదేళ్ళ సర్వీసు ఉన్నవాడు, ఆ తలుపు అవతల నిలబడి "బయటి నుంచి గడియ పెట్టిన చప్పుడు నేనెప్పుడూ లోపలుండి వినలేదు సిస్టరమ్మా" అన్నాడు. చిన్న పుస్తకంలో ఇవన్నీ రాయించండి. ఆ రాతే తర్వాతి రెండు పూటలకి మీ పాఠ్యపుస్తకం.

ఆ నడకలో ఎక్కువసేపు ఆగాల్సింది అడ్మిషన్ బల్ల దగ్గర. భద్రత కోసం గాజులు, పిన్నులు, మొలతాడు తీసేస్తాం. పుస్తెలతాడు కూడా తీసేస్తాం. మన ఇళ్ళల్లో బతికున్న మొగుడి తాళి తీయడమంటే ఏమిటో నర్సులకి చెప్పక్కర్లేదు. అయినా డ్యూటీలో పడ్డాక కత్తెర పట్టుకుని మెడ వెనక చెయ్యి పెట్టేస్తాం. దీన్ని క్లాసులో చేసి చూపిస్తాను. ఒకరు రోగి, ఒకరు నర్సు. నర్సు ఎదురుగా కాకుండా కాస్త పక్కకి కూర్చోవాలి. "అమ్మా, ఇది మెడకి చుట్టుకుంటే ప్రమాదమని దాచిపెడుతున్నాం. మీరే తీసి ఇస్తారా, మీ అమ్మగారి చేత తీయించమంటారా?" అని అడగాలి. ఆమె చూస్తుండగా రిజిస్టర్లో రాసి, గుడ్డసంచిలో వేసి, ఆమె చేతే మూతి కట్టించాలి. ఎప్పుడు తిరిగిస్తామో చెప్పాలి. మొత్తం నాలుగు నిమిషాలు పడుతుంది, గడియారం పెట్టి చూశాను. లాక్కుంటే అర నిమిషం. ఆ మిగుల్చుకున్న మూడున్నర నిమిషాలకి తర్వాత మూడు రాత్రులు పెనుగులాడతాం.

ఇంజెక్షన్ కూడా ఇలాగే సాధన చేయించండి. ట్రే కప్పి తేవాలి. పేరు చెప్పాలి, మందేమిటో చెప్పాలి, "ఏ చేతికి వెయ్యమంటారు?" అని అడిగి, మనసులో పది లెక్కపెట్టి ఆగాలి. ఆ పది అంకెలు చాలా పొడుగనిపిస్తాయి. అదే నేర్పాలి. వద్దంటే మాత్ర ఇస్తామనాలి, కాసేపాగి వస్తామనాలి. నిజంగా ప్రాణాపాయం ఉన్నప్పుడు ఆగలేం. అప్పుడు కూడా ఒక్కరే మాట్లాడాలి, నలుగురూ అరవకూడదు.

భాష దగ్గర మనవైపు చిక్కు ఎక్కువ. ఒకే వార్డులో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్ళు ఉంటారు. భయంలో ఉన్న మనిషికి రెండో భాష ఎక్కదు. మా దగ్గర సవర వచ్చిన ఒక అటెండెంటు అయిదు వాక్యాలు నేర్పింది: నేను నర్సుని, ఇది ఆసుపత్రి, మీ చెయ్యి పట్టుకోవచ్చా, నీళ్ళు కావాలా, మీవాళ్ళు బయటే ఉన్నారు. తెలుగు అక్షరాల్లో రాసి ట్రాలీకి అంటించాం. ఒడియాలో "ము ఛుయింబి కి?" (ముట్టుకోనా?) అని అడగడం అందరికీ వచ్చేసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని వాళ్ళకి పుస్తకాలు రాసింది మా పర్లాకిమిడిలో ఉండగానే. ఆ ఊళ్ళో పుట్టి అయిదు వాక్యాలు నేర్చుకోలేమా అంటాను. దుబాసీగా మాత్రం భర్తని, పిల్లల్ని ఎప్పుడూ పెట్టకండి. కొట్టేవాడే దుబాసీ అయితే ఆమె ఏం చెప్తుంది?

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. మొదటి బ్యాచ్‌లో, అందరికీ దగ్గరి విషయమే కదా అని, తిత్లీ రాత్రి ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పమన్నాను. వరసలో నాలుగో అమ్మాయి లేచి బయటికి వెళ్ళిపోయింది, రెండు రోజులు డ్యూటీకి రాలేదు. వరదలో ఆమెకేమైందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పటి నుంచి మొదటి నిమిషంలోనే చెప్పేస్తాను: ఇక్కడ ఎవరూ సొంత కథ చెప్పక్కర్లేదు, ఎప్పుడైనా లేచి వెళ్ళొచ్చు, వరండాలో ఫలానా అక్క కూర్చుని ఉంటుంది. ఆ అక్క నిజంగా అక్కడ ఉండాలి, టీ ఫ్లాస్కుతో సహా.

రెండో పూట సైకియాట్రీ పాఠం. డాక్టరుగారి చేత చెప్పించండి. చిన్నతనంలో తగిలిన దెబ్బలకి, పెద్దయ్యాక వచ్చే మనోవ్యాధులకి, గుండెజబ్బులకి కూడా సంబంధం ఉందని ఫెలిట్టి, అండా బృందం 1998లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. ఇది చెప్తే "పొగరు" అనుకున్నది భయం కావచ్చని తడుతుంది. కానీ అన్నిటినీ దెబ్బ ఖాతాలో వెయ్యనివ్వకండి. రేకుల చప్పుడుకి ఆ రాత్రిలోకి వెళ్ళిపోవడం వేరు, స్కిజోఫ్రెనియాలో గొంతులు వినిపించడం వేరు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు కూడా. మందు అవసరమైనవాళ్ళకి మందు ఆపేసి మంచిమాటలు చెప్తే అది ద్రోహం. అలాగే విపత్తు జరిగిన మొదటి నెలలో నిద్ర పట్టడం లేదని, భయంగా ఉందని డయాజిపాం లాంటి మత్తుమాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో చెప్పింది. శిబిరంలో అందరినీ కూర్చోబెట్టి జరిగింది తవ్వించొద్దనీ చెప్పింది. 2011లో వాళ్ళే ఇచ్చిన పద్ధతి తేలిక: చూడు, విను, కలుపు. ముందు ఏం కావాలో చూసి, చెప్పినంత విని, అన్నం, మనుషులు, వైద్యం ఎక్కడుంటే అక్కడికి చేర్చడం.

గతం గురించి అడగాల్సి వస్తే ఒంటరిగా ఉన్నప్పుడు, ఎందుకు అడుగుతున్నామో చెప్పి అడగాలి. "చాలామందికి కష్టమైనవి జరుగుతుంటాయి. మీకు చెప్పాలనిపిస్తే వింటాను, వద్దంటే వైద్యం ఏమీ ఆగదు." ఇంతే. వివరాలు తవ్వొద్దు. "ఇప్పుడు ఇంటికెళ్తే భయం లేదా?" అన్న ప్రశ్న మాత్రం మర్చిపోవద్దు. రోగి పిల్లవాడో పిల్లో అయితే ఒక సంగతి ముందే చెప్పాలి. లైంగిక హింస అని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం మనం ఫిర్యాదు చెయ్యక తప్పదు. "ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి తర్వాత తప్పితే ఆ బిడ్డ ఇంకెవర్నీ నమ్మదు.

చట్టం ఒక అరగంట చాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 97వ సెక్షన్ చదివి వినిపించండి. వెంటనే ప్రమాదం జరిగేటట్టున్నప్పుడు, ఇంకో దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితోనే కట్టాలి. ఎందుకో, ఎంతసేపో రాయాలి. రోగి తరఫున మాట్లాడేందుకు నియమితుడైన ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి. శిక్షగా కట్టకూడదు, ఒంటరి గదిలో పెట్టకూడదు. 95వ సెక్షన్ గొలుసుల్ని పూర్తిగా నిషేధించింది. 20వ సెక్షన్ ప్రకారం బలవంతంగా గుండు కొట్టించకూడదు, సొంత బట్టలు కట్టుకుంటామంటే కట్టుకోనివ్వాలి. 115వ సెక్షన్ ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడమంటోంది, కాబట్టి కేసు భయం పెట్టి బెదిరించడం మన పని కాదు. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో, మానసిక రోగులని ఉంచే చోట జరిగిన అగ్నిప్రమాదంలో గొలుసులతో కట్టి ఉన్న 28 మంది చనిపోయారు. ఈ ఒక్క సంగతి చెప్పి నేను కాసేపు మాట్లాడను.

మూడో పూట అంతా రిజిస్టర్‌తోనే. కట్టిన ప్రతిసారీ, బలవంతపు ఇంజెక్షన్ వేసిన ప్రతిసారీ, ముందు పది నిమిషాల్లో ఏం జరిగిందో రాసి ఉండాలి. గట్టిగా చదివించి, ఎక్కడ ఆగి ఉండొచ్చో అడగండి. తప్పు ఎవరిదని అడక్కండి, మరుసటి నెల నుంచి రాయడం మానేస్తారు. గొడవ సద్దుమణిగాక ఆ రోగి దగ్గరికీ వెళ్ళి "మేం ఏం చేసి ఉంటే బాగుండేది?" అని అడగడం నేర్పండి. మా కొండామె దగ్గరికి నేను ఆలస్యంగా వెళ్ళాను. "దీపం ఉంచి, తలుపు వారగా వేస్తే చాలునమ్మా" అంది. దెబ్బలు తిన్న సిబ్బందికి కూడా ఆ రోజు డ్యూటీ మార్చి, పక్కన కూర్చునే మనిషిని ఇవ్వండి. డిశ్చార్జి చీటీ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్దక్షరాల్లో రాయించండి.

ఈ శిక్షణ ఏ నెలలో పెట్టాలని అడుగుతుంటారు. మనవైపైతే సెప్టెంబరులో పెట్టండి. 1999 సూపర్ సైక్లోన్ అక్టోబరు 29న, 2013 ఫైలిన్ అక్టోబరు 12న, మరుసటేడు హుద్‌హుద్ అదే తేదీన, 2018 తిత్లీ అక్టోబరు 11న తీరం తాకాయి. రేడియోలో వాయుగుండం అన్న మాట వినగానే వార్డులో కొందరికి నిద్ర పట్టదు. అందుకని శిక్షణ ఆఖరి గంటలో అందరం కలిసి వార్డు తిరుగుతాం. రేకుల కింది మంచాలు లోపలి గోడ వైపు జరుపుతాం. ఎమర్జెన్సీ లైట్లు వెలిగించి చూస్తాం. ఏ మంచం మనిషికి తలుపు వారగా ఉంచాలో, ఎవరికి అమ్మని రాత్రి కూడా ఉండనివ్వాలో వాళ్ళనే అడిగి, నైట్ సిస్టర్ బల్ల మీద పలకపై రాసి పెడతాం.