సిబిల్ స్కోరు పెంచుతామనేవాళ్ల చేతికి చిక్కకుండా

"నెల రోజుల్లో మీ స్కోరు 550 నుంచి 750కి తెస్తాం, పాత డిఫాల్ట్ మొత్తం తుడిచేస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఎవరన్నా ఆ మాట అక్కడితో ఆపేయండి. స్కోరంటే మీరు లోన్లు ఎలా తీర్చారో చూసి ఇచ్చే మార్కు, ఆ లెక్కలన్నీ ఉండేది క్రెడిట్ రిపోర్టులో. అది ఎందుకు కుదరదో తెలియాలంటే ఆ రిపోర్టులోకి లెక్కలు ఎలా చేరతాయో తెలియాలి.

మన దేశంలో ఈ రిపోర్టులు తయారుచేసే, రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న క్రెడిట్ బ్యూరోలు నాలుగే: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. ఇవి సొంతంగా ఏదీ రాయవు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపినదే నమోదు చేస్తాయి. ఒక ఎంట్రీ మారాలంటే దాన్ని పంపిన సంస్థ ఒప్పుకోవాలి. అందుకే "బ్యూరోలో మావాళ్లున్నారు" అనేది పచ్చి అబద్ధం. తప్పు ఎంట్రీని మీరే పైసా ఖర్చు లేకుండా దిద్దించుకోవచ్చు. నిజమైన ఎంట్రీని డబ్బిచ్చి ఎవరూ తీయించలేరు. ఈ రెండూ గాక మధ్యవర్తి దగ్గర అమ్మడానికి ఇంకేమీ లేదు.

ముందు రిపోర్టు మీరే తీయండి. ఒక్కో బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వచ్చిన లింకులు నొక్కకుండా బ్యూరో వెబ్‌సైట్‌కు నేరుగా వెళ్లండి. నెలవారీ ప్లాన్లు కొనమని అడిగితే వదిలేసి ఉచిత రిపోర్టే ఎంచుకోండి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. ఖాతా మాత్రం మీ ఫోన్ నంబరు, మీ ఈమెయిల్‌తోనే తెరవాలి. ఏజెంటు తన ఈమెయిల్ పెట్టాడంటే బ్యూరో పంపే జవాబులన్నీ అతనికే పోతాయి, లోపల ఏం జరుగుతోందో మీకు తెలియదు.

రిపోర్టులో మీరు తీసుకోని లోన్లు ఉన్నాయా, తీర్చేసిన లోన్‌కు ఇంకా బాకీ చూపిస్తోందా, సకాలంలో కట్టిన ఈఎంఐ ఆలస్యమైనట్టు ఉందా చూడండి. ఎంక్వైరీల భాగాన్ని (లోన్ అడిగినప్పుడు మీ రిపోర్టు చూసిన సంస్థల జాబితా) చాలామంది దాటేస్తారు, కానీ అదే ముఖ్యం. మీరు ఎప్పుడూ అడగని సంస్థ పేరు అక్కడ కనిపిస్తే మీ పాన్‌తో ఇంకెవరో లోన్‌కు ప్రయత్నిస్తూ ఉండవచ్చు.

తప్పు దొరికితే బ్యూరో వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ (తప్పుందన్న ఫిర్యాదు) పెట్టండి, దానికి రుసుము లేదు. రుజువుగా నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం), ఖాతా స్టేట్‌మెంట్ దగ్గర ఉంచుకుని, బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి కూడా వాటిని జతచేసి రాయండి. ఫిర్యాదు నంబరు, తేదీ భద్రంగా రాసిపెట్టుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 రోజుల్లో పరిష్కరించాలి. అందులో బ్యాంకు సవరణ పంపడానికి 21 రోజులు. గడువు దాటితే ఆలస్యానికి కారణమైన సంస్థ రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఇదీ ఉచితమే. సందేహాలుంటే రిజర్వ్ బ్యాంకు హెల్ప్‌లైన్ 14448కి ఫోన్ చేయండి.

మోసం చేసేవాళ్ల పద్ధతి ఒకటి బాగా గుర్తుంచుకోవాలి. నిజమైన ఎంట్రీలతో సహా అన్నింటి మీదా డిస్ప్యూట్ వేస్తారు. విచారణ నడిచినన్నాళ్లు ఆ ఖాతా పక్కన వివాదంలో ఉన్నట్టు గుర్తు పడుతుంది. దాని స్క్రీన్‌షాట్ చూపించి "చూశారా, కదిలింది" అని రెండో విడత డబ్బు గుంజుతారు. లెక్క సరైనదేనని బ్యాంకు చెప్పగానే గుర్తు పోతుంది, ఎంట్రీ అలాగే ఉంటుంది.

ఇంకొకటి సెటిల్‌మెంట్. బాకీలో కొంత కడితే చాలంటారు, రిపోర్టులో "క్లోజ్డ్" బదులు "సెటిల్డ్" అని పడుతుందన్న సంగతి దాచిపెడతారు. దాన్ని చూసిన బ్యాంకులు కొత్త లోన్‌కు వెనకాడతాయి. ఇంతకన్నా ఘోరం, కట్టిన డబ్బు బ్యాంకుకు చేరకపోవడం. సెటిల్‌మెంట్ లెటరు చేతికొచ్చినా బ్రాంచిలో చూపించి నిర్ధారించుకున్నాకే కట్టండి. అదీ లోన్ ఖాతాకే, ఎవరి సొంత యూపీఐకీ కాదు. వీలైతే పూర్తిగా తీర్చి నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి.

కొత్త పాన్ తీసుకుంటే చరిత్ర పోతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండు పాన్‌లు ఉంచుకోవడం చట్టవిరుద్ధం, 10,000 రూపాయల జరిమానా పడవచ్చు.

ఓటీపీ, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటే వేసుకోవద్దు. పాన్, ఆధార్, సెల్ఫీ, ఓటీపీ నాలుగూ ఒకరి చేతిలో పడితే మీ పేరున ఆన్‌లైన్ లోన్ తీయడానికి అవి చాలు.

ఆలస్యం నిజంగా మీదే అయితే ముందు మిగిలిన బాకీ కట్టండి. క్రెడిట్ కార్డు వాడకం పరిమితిలో 30 శాతం లోపు ఉంచండి. కార్డు దొరకకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకుని బిల్లు గడువులోగా పూర్తిగా కడుతూ పోండి. దీనికి నెలలు పడుతుంది.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే గంటలు పోనివ్వకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఖాతాల్లో ఉంటే ఆపే అవకాశం ఉంటుంది. వెంటనే మీ బ్యాంకుకు చెప్పి, పాస్‌వర్డ్‌లు మార్చండి. పత్రాలు కూడా ఇచ్చి ఉంటే నాలుగు బ్యూరోల రిపోర్టులూ తీయండి, ఒకదాంట్లో కనిపించని లోన్ ఇంకోదాంట్లో ఉండొచ్చు. ఒకటి రెండు నెలల తర్వాత మళ్లీ చూడండి, కొత్త లోన్ రిపోర్టులోకి రావడానికి కొంత సమయం పడుతుంది.