సోషల్ మీడియా వాడకంలో ఆడ-మగ తేడా: లెక్కతో తేల్చడం ఎలా?

సర్వే డేటా తెచ్చే విద్యార్థులను నేను ముందు అడిగేది ఒకటే: కొలిచింది నిమిషాలా, అవును-కాదులా? నిమిషాలైతే వెల్చ్ టి-టెస్ట్ (రెండు గుంపుల సగటులను పోల్చే పరీక్ష) చేయండి. కొద్దిమంది గంటల తరబడి వాడి సగటును లాగేస్తుంటే మాన్-విట్నీ (సగటులకు బదులు ర్యాంకులను పోల్చే పరీక్ష) నయం.

అవును-కాదు అయితే కై-స్క్వేర్ (వచ్చిన లెక్కను, తేడా లేకపోతే రావాల్సిన లెక్కతో పోల్చే పరీక్ష). 60 మంది ఆడవాళ్లలో 40 మంది, 60 మంది మగవాళ్లలో 28 మంది రోజూ రీల్స్ చూస్తారనుకోండి. తేడా లేకపోతే చెరో 34 రావాలి, చూడనివాళ్లు చెరో 26. ఆడ-మగ, చూసే-చూడని అని నాలుగు గడుల పట్టిక వేస్తే, ప్రతి గడిలోనూ అసలు లెక్కకూ ఈ అంచనాకూ తేడా 6. దాని వర్గం 36ను ఆ గడి అంచనాతో భాగించి, నాలుగూ కూడితే 4.89. 5 శాతం స్థాయిలో హద్దు 3.84; అంటే నిజంగా తేడా లేకపోతే నూటికి ఐదుసార్లే ఇది దాటుతుంది. కాబట్టి యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం.

దయచేసి అక్కడితో ఆపేయకండి. 4.89ని మొత్తం మంది 120తో భాగించి వర్గమూలం తీస్తే 0.2. తేడా ఎంత పెద్దదో 0 నుంచి 1 వరకు చెప్పే కొలత ఇది, అంటే తేడా చిన్నదే. రిపోర్టులో అదీ రాయండి. వయసు కూడా అడగండి. ఒక గుంపులో కుర్రవాళ్లే ఎక్కువైతే, వయసు తెచ్చిన తేడాను ఆడ-మగ తేడా అనుకుంటాం.