ఇంట్లో కుట్టుకునేవాళ్లకి: మిషను కంటే ముందు సూది, బాబిన్, కత్తెర

కుట్టు సరిగా పడకపోతే ముందు మిషన్నే అనుమానిస్తాం. మెకానిక్కు వచ్చి చాలాసార్లు చేసేది మాత్రం సూది మార్చడం, బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం) కేసులో ఇరుక్కున్న పీచు తీయడం. ఆ రెండూ ఇంట్లోనే చేసుకోవచ్చు. గుడ్డకి తగిలే వస్తువులు బాగుంటే పాత నల్ల మిషను మీద కూడా జాకెట్టు శుభ్రంగా కుదురుతుంది. అవి బాగోకపోతే ఎంత ఖరీదైన మిషనైనా ఒకటే.

సూదితో మొదలుపెడదాం. ప్యాకెట్టు మీద 90/14 అని ఉంటుంది. 90 అంటే మందం 0.9 మిల్లీమీటర్లు, 14 అనేది షాపులో అడిగే నంబరు. నంబరు పెరిగితే సూది లావు. షిఫాన్, జార్జెట్, పల్చటి పట్టుకి 9 లేదా 11. లైనింగ్ వేసిన కాటన్ జాకెట్టుకి 14. జీన్సుకి 16, నాలుగైదు మడతలు పడేచోట 18. టీషర్టుల్లాంటి సాగే గుడ్డకి నంబరు ఒక్కటే చూస్తే చాలదు, మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది అడగాలి. మామూలు సూది అల్లిక పోగుల్ని తెంపుతుంది. మొదటి ఉతుకులోనే కుట్టు పక్కన చిల్లులు కనిపిస్తాయి.

దారం లావుగా, సూది సన్నగా ఉంటే దారం సూది గాడిలో ఇమడదు. రాసుకుని పీచు లేచి పుటుక్కున తెగుతుంది. దారం నాసిరకమని రీలు మార్చేముందు ఒక నంబరు పెద్ద సూది వేసి చూడండి.

ఇంటి మిషను సూది పైభాగం ఒకవైపు చదునుగా ఉంటుంది, దానికి ఎదురువైపు పొడవాటి గాడి. దారం ఎప్పుడూ గాడి వైపు నుంచే ఎక్కాలి. దారం కుడి నుంచి ఎడమకి ఎక్కే నల్ల మిషన్లలో చదును వైపు ఎడమకి రావాలి. ముందు నుంచి వెనక్కి ఎక్కే జిగ్‌జాగ్ మిషన్లలో వెనక్కి రావాలి. సూదిని పైకి ఆనేదాకా నెట్టి అప్పుడు స్క్రూ బిగించాలి. చిన్న సందు మిగిలినా కింది హుక్కు దారాన్ని అందుకోలేదు, కుట్లు తప్పుతాయి. పెద్ద మిషన్లకి వాడే గుండ్రటి కాడ సూదులు వీటికి పనికిరావు, కాబట్టి షాపుకి పాత సూది పట్టుకెళ్లండి.

సూదిని సుమారు ఎనిమిది గంటల కుట్టుకి ఒకసారి మార్చడం మంచిది. అంతకుముందే పాడైందేమోనని అనుమానం వస్తే మొనని గోరు మీద మెల్లగా లాగండి. గీత పడితే మొన వంగినట్టే. అలాంటి సూదితో పట్టు మీద ఒక్క వరస కుట్టినా పోగులు లాగేసి గీతలు పడతాయి. ఇస్త్రీ చేసినా ఆ గీతలు పోవు.

ఇక బాబిన్. పైదారం ఎర్రది, కిందది తెల్లది పెట్టి ఒక పాత గుడ్డని రెండు మడతలు వేసి జానెడు కుట్టండి. పైన తెల్లచుక్కలు కనిపిస్తే పైదారం బిగువెక్కువ. కింద ఎర్రదారం ఉచ్చులుగా వేలాడితే పైన వదులు. ఉచ్చులు పడ్డప్పుడు పైదారం బిగువు మార్చే డయల్ తిప్పేముందు, ప్రెషర్ ఫుట్ (గుడ్డని అదిమి పట్టే పాదం) పైకెత్తి దారం మళ్లీ ఎక్కించండి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం టెన్షన్ బిళ్లల (దారాన్ని బిగించి పట్టే బిళ్లల) మధ్యకి దిగదు. ఉచ్చులకి ఎక్కువసార్లు కారణం ఇదే.

అప్పటికీ కుదరకపోతే బాబిన్ కేసు బయటికి తీసి, బాబిన్‌తో సహా దారం పట్టుకుని వేలాడదీయండి. దానంతటది జారకూడదు. చేతిని చిన్నగా ఒక్క కుదుపు కుదిపితే ఒకటి రెండు అంగుళాలు దిగి ఆగాలి. బావిలో చేదలా సర్రున దిగిపోతే వదులు, కుదిపినా కదలకపోతే బిగువు. ఇక్కడ వెంటనే కేసు మీదున్న స్క్రూ జోలికి పోవద్దు. కేసు పక్కనున్న పల్చటి రేకు కింద దారపు ముక్కో దూదిపీచో ఇరుక్కున్నా ఇలాగే అవుతుంది. సన్నటి కాగితం అంచుని రేకు కిందికి దూర్చి లాగితే వచ్చేస్తుంది. ఆ తర్వాత కూడా తేడా ఉంటేనే స్క్రూ తిప్పాలి, అదీ గడియారంలో పెద్దముల్లు అయిదు నిమిషాల్లో జరిగేంత. తిప్పిన ప్రతిసారీ మళ్లీ వేలాడదీసి చూడాలి.

బాబిన్ అంచుదాకా నింపొద్దు, కాస్త ఖాళీ వదలండి. నిండా ఉంటే కేసులో రాసుకుని కుట్టు బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ బాబిన్లు, ఇనుప బాబిన్లు కలిపి వాడొద్దు. మిషనుతో వచ్చిన రకమే కొనండి.

గుడ్డ కత్తెర 9 లేదా 10 అంగుళాలది. కొనేముందు రెండు మడతల కాటన్ ముక్కని మొన చివరిదాకా కోసి చూడండి. మొన దగ్గర నమిలితే ఆ కత్తెర వద్దు, చంక మలుపు దానితో శుభ్రంగా రాదు. మీరట్ కత్తెరలు సాన పట్టించుకుంటూ ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. గుడ్డ కత్తెరతో కాగితం కోయొద్దు, పదును పోతుంది. ఇంట్లో పిల్లలుంటే దాని పిడికి ఒక రిబ్బను కట్టి, అది ముట్టుకోకూడదని చెప్పండి. ఎడమచేతివాళ్లకి ఎడమచేతి కత్తెరే కావాలి. మామూలుది వాళ్ల చేతిలో రేకుల మధ్య సందు ఇచ్చి గుడ్డని మడిచేస్తుంది.

టేపు 60 అంగుళాలది, సాగనిది. పాతబడిన గుడ్డ టేపు సాగుతుంది. ఇనుప స్కేలు పక్కన పెట్టి మొదట, మధ్యలో, చివర సరిచూడండి. తేడా అర అంగుళమున్నా జాకెట్టు ఛాతీ దగ్గర తెలిసిపోతుంది.

గుర్తులకి మైనపు చాక్ పట్టు మీద వాడొద్దు. ఇస్త్రీ వేడికి కరిగి జిడ్డుమరక అవుతుంది. మట్టిచాక్ మేలు, అదైనా ముందు ఒక మూల గీసి దులిపి చూసుకోవాలి. గుండుసూదులు కుట్టుకి అడ్డంగా గుచ్చి, మిషను దగ్గరికి రాగానే తీసేయండి. వాటి మీదుగా కుట్టేస్తే సూది విరుగుతుంది.

ఇస్త్రీపెట్టె కూడా కుట్టు పనిముట్టే. టూ బై టూ (జాకెట్టు లోపల వేసే కాటన్ రకం) లైనింగు, చీర ఫాల్ ముందు నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టండి. లేకపోతే ఉతికాక లైనింగు కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు తేలుతుంది. అప్పుడు కుట్టు విప్పడం తప్ప దారి లేదు. విప్పాల్సి వస్తే రిప్పర్‌తో (కుట్లు తెంపే చిన్న పనిముట్టుతో) ఒకవైపు నాలుగు కుట్లకి ఒకటి తెంపుతూ పోయి, రెండోవైపు దారం లాగితే గుడ్డ చిరగకుండా వచ్చేస్తుంది.

ఫాల్ చేతితో వేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. చేతిసూదుల నంబరు మిషను సూదులకి తలకిందులు, పెరిగేకొద్దీ సన్నం. పట్టుచీరకి 9, జాకెట్టు హుక్కులు కుట్టడానికి 6 లేదా 7. దారం మూరెడు చాలు, అంతకంటే పొడుగైతే చిక్కుపడుతుంది.

మిషనుకి కొబ్బరినూనె పోయొద్దు. చలికాలంలో గడ్డకడుతుంది, మిగతా రోజుల్లో దుమ్ము పట్టి జిగురవుతుంది, తొక్కుడు బరువెక్కుతుంది. మిషను నూనె అని అడిగితే తెల్లగా పల్చగా ఉండేది ఇస్తారు. రంధ్రానికి ఒకటి రెండు చుక్కలు వేసి, పాత గుడ్డ మీద కాసేపు నడిపి, కారిన నూనె తుడిచాకే మంచి గుడ్డ పెట్టాలి.

సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా మళ్లీ తొక్కొద్దు. ఒక ముక్క హుక్కు దగ్గర పడి ఉంటే కొత్త సూది కూడా విరుగుతుంది, గుడ్డలో ఉంటే వేసుకున్నవాళ్లకి గుచ్చుకుంటుంది. దొరికిన ముక్కల్ని ఖాళీ మాత్రల సీసాలో వేసి మూత పెట్టండి.